హంగరీ: రెండో రౌండ్ పోయిన నాటి నుంచీ

హంగరీ పార్లమెంటు 2024 డిసెంబర్‌లో నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసింది. రాజధాని బుడాపెస్ట్‌కు ఉన్న 18 స్థానాలు 16 అయ్యాయి, దాని చుట్టూ ఉన్న పెస్ట్ కౌంటీకి 12 కాస్తా 14 అయ్యాయి. జనం నగరం వదిలి శివార్లకు తరలిపోయారని, జనాభాను బట్టే చేశామని అప్పట్లో అధికారంలో ఉన్న విక్టర్ ఓర్బాన్ పార్టీ ఫిడెస్ అంది. తరలిన మాట నిజమే. అయితే 2022లో దేశం మొత్తమ్మీద ప్రతిపక్ష కూటమి గెలిచిన నియోజకవర్గాలు 19, వాటిలో 17 బుడాపెస్ట్‌వే. కత్తెర పడింది సరిగ్గా అక్కడే.

ఈ పేచీకి మూలం 2011 డిసెంబర్ 23. ఆ రోజు కొత్త ఎన్నికల చట్టం ఓటింగ్‌కు వచ్చింది. ఎల్ఎంపీ అనే చిన్న హరిత పార్టీ ఎంపీలు పార్లమెంటు ముందు గొలుసులతో తమను తాము కట్టేసుకుని దారికి అడ్డం కూర్చున్నారు. పోలీసులు వాళ్లను అదుపులోకి తీసుకున్నారు, మాజీ ప్రధాని ఫెరెంక్ గ్యుర్చానీని కూడా. చట్టం పాసైంది. ఖర్చు తగ్గుతుందంటూ 386 మంది సభను 199కి కుదించారు. ప్రతిపక్షానికి అసలు దెబ్బ అది కాదు, రెండో రౌండ్ రద్దు కావడం.

అంతకుముందు నియోజకవర్గంలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మళ్లీ పోలింగ్ జరిగేది. ఏ పార్టీ బలం ఎంతో మొదటి రౌండ్‌లో తేలిపోయేది, వెనకబడ్డవాళ్లు రెండో రౌండ్‌లో తప్పుకునేవారు. ఎవరి జెండా వాళ్లు పట్టుకునే పొత్తు కుదుర్చుకోవచ్చు. 1998లో విక్టర్ ఓర్బాన్ మొదటిసారి ప్రధాని అయింది అలాగే. మొదటి రౌండ్‌లో సోషలిస్టులు ముందున్నా, చిన్నరైతుల పార్టీ అభ్యర్థులు చాలా చోట్ల ఫిడెస్ కోసం పక్కకు జరిగారు. ఏరు దాటాక ఆయన తెప్ప తగలేశారు: 2011లో ఆ రెండో రౌండ్‌నే తీసేశారు.

ఒకే రౌండ్ అనేసరికి పొత్తు ముందే తేల్చుకోవాలి. ఎవరితో? గొలుసులు కట్టుకున్న ఎల్ఎంపీయే ఆ ప్రశ్న మీద 2013 ఆరంభంలో చీలిపోయింది. తర్వాత బుడాపెస్ట్ మేయరైన గెర్గెలీ కరాచోనీ అప్పుడు బయటికి వచ్చినవారిలో ఒకరు. 2014లో ఫిడెస్‌కు జాబితా ఓట్లలో (నియోజకవర్గ అభ్యర్థికి కాక, పార్టీకి విడిగా వేసే ఓట్లలో) 45 శాతం కూడా రాలేదు. సీట్లు మాత్రం 133, సరిగ్గా మూడింట రెండు వంతులు.

2022లో ఆరు పార్టీలు ఒక్కటయ్యాయి. ఒకప్పుడు తీవ్ర మితవాదులైన యోబిక్, వాళ్లను అసహ్యించుకున్న సోషలిస్టులు ఒకే జాబితాలో నిలబడ్డారు. కూటమికి వచ్చింది 34 శాతం. ఫిడెస్‌కు 54 శాతం వచ్చింది కాబట్టి ఆ ఓటమిని చట్టం మీదకు నెట్టేయలేం. కానీ పొసగని వాళ్లను ఒకే గొడుగు కిందికి తోసింది ఆ చట్టమే.

పిల్లలపై లైంగిక వేధింపుల కేసును కప్పిపుచ్చిన దోషికి క్షమాభిక్ష పెట్టిన వివాదంలో 2024 ఫిబ్రవరిలో అధ్యక్షురాలు కటాలిన్ నోవాక్ రాజీనామా చేశాక, ఫిడెస్ వర్గం నుంచే పీటర్ మాగ్యార్ బయటికి వచ్చారు. జూన్‌లో జరిగిన యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఆయన టిసా పార్టీకి దాదాపు 30 శాతం ఓట్లు పడ్డాయి. పాత పార్టీలతో పొత్తు లేదని ఆయన తెగేసి చెప్పారు. దాన్ని అహంకారం అనేవాళ్లున్నారు. 2011 చట్టాన్ని ప్రతిపక్షంలో సరిగ్గా చదివింది ఆయనేనని నాకనిపిస్తుంది.

2026 ఎన్నికల ముందు ఇరుకున పడింది బుడాపెస్ట్‌లో 2022లో గెలిచిన పాత పార్టీల ఎంపీలు. టిసాకు ఎదురు నిలబడితే ఓటు చీలుతుంది. తప్పుకోవాలంటే, తమ బలం ఎంతో తెలియకుండా, ఒక్క ఓటైనా పడకముందే తప్పుకోవాలి.