సరిహద్దు బడుల్లో తెలుగు కవిత్వం, కథ: పర్లాకిమిడి నుంచి నేటి దాకా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల్లో తెలుగు చదువుకునే పిల్లలకు పాఠ్యపుస్తకం దాటి ఒక కథల పుస్తకమో, ఒక కవితా సంపుటమో చేతికందడం లేదన్న ఆవేదన ఈనాటిది కాదు. పిల్లలకు అర్థమయ్యే తెలుగు బడిలోకి రావాలన్న ఉద్యమానికి పుట్టిల్లనదగిన ఊళ్లలో పర్లాకిమిడి ఒకటి. అక్కడే ఈ లోటు ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

గిడుగు వెంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలనే గిరిజనుల భాషను తానే నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాసి, వారి పాటలనూ కథలనూ సేకరించి, సొంత డబ్బు వెచ్చించి బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టమని ఆయన కోరినట్లు చెబుతారు. చదువు పిల్లవాడి నోటి మాటతో మొదలుకావాలన్న సూత్రాన్ని ఆయన తెలుగు కంటే ముందు సవరలో పరీక్షించి చూశారన్నది మనం తరచుగా మరచిపోయే విషయం.

ఆ తరువాత, ఉత్తర సర్కారు జిల్లాల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగువారు మాట్లాడే భాషకూ బడిలో చదివే భాషకూ ఇంత దూరం ఎందుకని అడగడం, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు ఆ ప్రశ్నను పట్టుకోవడంతో వ్యావహారిక భాషోద్యమం రూపు దిద్దుకుంది. 1910లో గురజాడ ‘ముత్యాల సరాలు’ రావడంతో, వాడుక మాటకు దగ్గరగా ఉంటూనే కవిత్వం పలకగలదని రుజువైంది. స్కూలు ఫైనలు వ్యాసరచనలో వాడుక భాషకు దొరికిన అనుమతి మాత్రం, గ్రాంథిక భాషను సమర్థించిన జయంతి రామయ్య పంతులు ప్రభృతుల తీవ్ర వ్యతిరేకత వల్ల, ఎంతోకాలం నిలవలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, పట్టణం ఒరిస్సాలోకి వెళ్లగా పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. దీన్ని సహించలేక గిడుగు తన కార్యక్షేత్రాన్ని వదిలి రాజమహేంద్రవరం చేరారు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. మద్రాసు పాలనలో గంజాం ఒడియావారు కచేరీల్లోనూ బడుల్లోనూ తమ భాషకు చోటు లేదని దశాబ్దాల పాటు బాధపడ్డారు. కొత్త రాష్ట్రం కోసం వారు చేసిన పోరాటానికి ఆ బాధే ఒక ముఖ్య కారణం. ఆనాడు వారు అనుభవించిన కొరత ఎలాంటిదో తెలిసినవారికి ఈనాడు తెలుగు పిల్లల కొరత అర్థం కావడం కష్టం కాదు.

సరిహద్దు మారినప్పుడు మారినది పరిపాలన ఒక్కటే కాదు, గ్రంథాలయాల దారి కూడా మారిపోయింది. 1914లో బెజవాడలో జరిగిన మహాసభతో, అయ్యంకి వెంకట రమణయ్య వంటివారి పూనికతో ఊరూరా వ్యాపించిన గ్రంథాలయోద్యమం మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి గ్రంథాలయ చట్టానికీ, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టానికీ దారితీసింది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొనే ఏర్పాటు ఆంధ్ర సరిహద్దు పట్టణం ఇచ్ఛాపురం దాకా వచ్చి అక్కడే ఆగింది. ఒడిశాలో గ్రంథాలయ చట్టం 2001లో గాని రాలేదు, అందులో సెస్సు లేదు. ప్రజా గ్రంథాలయం ద్వారా రావలసిన తెలుగు పుస్తకం రాకపోవడంతో, ఒడిశా వైపు బరువంతా బడి మీదే పడింది.

ఆ బడిలో తెలుగు పీరియడు ఎలా గడుస్తుందో చూడండి. శతక పద్యాన్ని మాస్టారు రాగయుక్తంగా చదువుతారు, పిల్లలు వెంట పలుకుతారు, ప్రతిపదార్థం నల్లబల్ల మీద పడుతుంది, భావం నోట్సులోకి ఎక్కుతుంది, మర్నాడు కంఠస్థం అప్పజెప్పాలి. నోటికి వచ్చిన పద్యం జీవితాంతం తోడుంటుందన్నది నిజమే, కంఠస్థాన్ని నేను తేలిగ్గా చూడను. అయితే వీధిలో ఒడియా, ఇంట్లో ఉత్తరాంధ్ర యాస మాట్లాడే పిల్లకు ఆ ఒక్క పద్యమే తెలుగు సాహిత్యం అయిపోతోంది. తన ఊరి జముకుల కథ, తప్పెటగుళ్ల పాట కూడా సాహిత్యమేనని ఆమెకు చెప్పేవారు లేరు. బీరువాలో పుస్తకాలున్నా తాళం తీయరు. ఒక్క పుస్తకం పోయినా స్టాకు రిజిస్టరుకు ఇన్‌చార్జి మాస్టారే జవాబు చెప్పుకోవాలి మరి.

చట్టాల్లో ఆధారాలు లేకపోలేదు. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలంటోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ వార్తాపత్రికలు, కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలంటోంది కానీ, ఆ కథలు ఏ భాషవో చెప్పదు. ఆ ఖాళీలోనే తెలుగు జారిపోతోంది. ఒడిశా ప్రభుత్వమే 2006-07లో పది గిరిజన భాషల్లో బహుభాషా విద్య ప్రారంభించి, స్థానిక పాటలు, కథలతో వాచకాలు తయారుచేయించింది. వాటిలో సవర ఒకటి. గిడుగు కోరుకున్నది సవర పిల్లలకు ఆ మేరకైనా అందింది. తెలుగు చదివే పిల్లలున్న బడులకు పుస్తకాలు కొనేటప్పుడు తెలుగుకు కొంత వాటా కేటాయించి, పుస్తకం పోతే ఉపాధ్యాయుణ్ని బాధ్యుణ్ని చేయని నిబంధన ఒకటి పెడితే, మూతపడిన బీరువాలు తెరుచుకోవడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.