పెద్దమ్మకు నీళ్ళు కొలిచి ఎందుకిస్తారు?

పిల్లలూ,

మీలో ఒక పాప నన్ను అడిగింది: "తాతయ్యా, నీళ్ళు బాగా తాగమని బడిలో చెబుతారు. మా పెద్దమ్మ డయాలసిస్‌కి వెళుతుంది. ఆవిడ దాహం అన్నా ఇంట్లో సగం గ్లాసే పోస్తారు. పాపం కదా?"

పాపమేనమ్మా. కానీ ఆ సగం గ్లాసు పోసేవాళ్ళు కూడా ప్రేమతోనే పోస్తున్నారు. డయాలసిస్ అంటే పాడైన కిడ్నీల పనిని మెషీన్‌తో చేయించడం. నీళ్ళు కొలిచి ఎందుకిస్తారో చెబుతాను.

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక బల్ల సొరుగు ఉండేది. ఇంటిల్లిపాదీ చేతికందిందల్లా అందులో పడేసేవాళ్ళం. దాన్ని సర్దే పని నాది. చెయ్యి పెట్టి చెత్త ఏరుతానంటే మా నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. సొరుగు మొత్తం లాగి నేలమీద బోర్లించేవారు. "కావలసినవి మాత్రం లోపల పెట్టు" అనేవారు. అరిగిన పెన్సిళ్ళు, అయిపోయిన బ్యాటరీలు, ఏ పెట్టెదో తెలియని తాళంచెవి. ఆ చెవిని తిప్పి తిప్పి చూస్తూ చాలాసేపు కూర్చునేవాణ్ణి. నాన్నగారు తొందరపెట్టేవారు కాదు.

మన కిడ్నీల పద్ధతి కూడా అచ్చం మా నాన్నగారిదే. చెత్తను వెతికి ఏరవు. రక్తకణాలను, పెద్ద ప్రొటీన్లను ఉండనిచ్చి, మిగతా నీరూ అందులో కరిగినవీ మొత్తం బోర్లిస్తాయి. రోజుకి దాదాపు 180 లీటర్లు! రక్తంలో ప్లాస్మా అనే పలచని భాగం ఉండేది 3 లీటర్లే కాబట్టి, అదే సొరుగును రోజుకి 60 సార్లు బోర్లిస్తున్నాయన్నమాట. ఆ తర్వాత కావలసినవి లోపల పెట్టడం మొదలవుతుంది. చక్కెర దాదాపు అంతా వెనక్కి వెళుతుంది. ఉప్పు, పొటాషియం ఆ పూటకి ఎంత కావాలో అంతే. చివరికి నేలమీద మిగిలేది ఒకటిన్నర లీటరు, అదే మూత్రం. ఒక్కో కిడ్నీ బరువు 150 గ్రాములు ఉంటుందేమో, అందులో నెఫ్రాన్లనే చిన్న చిన్న వడపోత గొట్టాలు సుమారు 10 లక్షలు కూర్చుని ఈ పని చేస్తుంటాయి.

ఈ పద్ధతిలో గొప్ప తెలివి ఉంది. చెత్త ఎలా ఉంటుందో ముందుగా తెలియనక్కర్లేదు. కావలసినవి గుర్తుపడితే చాలు. నిన్నటిదాకా లోకంలోనే లేని కొత్త మందు ఒంట్లోకి వచ్చినా, చాలాసార్లు అది నేలమీదే మిగిలిపోయి బయటికి పోతుంది. నేను ఇది మొదట చదివిన రోజు చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

నీటి లెక్క కూడా అక్కడే. రక్తం కాస్త చిక్కబడితే మెదడు ఒక హార్మోన్ పంపుతుంది, కిడ్నీలు నీటిని ఎక్కువగా వెనక్కి తీసుకుంటాయి. పలచబడితే వదిలేస్తాయి. అందుకే మీరు నీళ్ళు కాస్త ఎక్కువ తక్కువ తాగినా మీకు టెన్షన్ లేదు.

కిడ్నీలు పాడైతే సొరుగు బోర్లించేవారే ఉండరు. ఆ పనికి బయటినుంచి ఒక మెషీన్ రావాలి. నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే ఊళ్ళో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న 1943లో, విలెమ్ కోల్ఫ్ అనే డాక్టరు చెక్క డ్రమ్ముకి సెల్లోఫేన్ గొట్టం చుట్టి ఉప్పునీళ్ళ తొట్టిలో తిప్పాడు. గొట్టంలో రోగి రక్తం. రక్తంలోని యూరియా అనే చెత్త ఆ పలచని పొరలోంచి నీళ్ళలోకి పోయేది. మొదట్లో వచ్చిన రోగులు దాదాపు అందరూ చనిపోయారు. ఆయన మానలేదు. 1945లో స్పృహ లేకుండా వచ్చిన 67 ఏళ్ళ ఆవిడ కోలుకుంది.

ఇప్పటి మెషీన్లు ఎంతో మెరుగు. అయినా మెషీన్ అనే ఈ బయటి మనిషి సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలే వస్తాడు. మిగతా గంటల్లో సొరుగు నిండుతూనే ఉంటుంది. మూత్రం రానివాళ్ళు తాగిన నీరు చాలావరకు ఒంట్లోనే నిలుస్తుంది. లీటరు నీరు నిలిస్తే కిలో బరువు పెరుగుతుంది. అందుకే డయాలసిస్‌కి ముందూ తర్వాతా బరువు చూస్తారు. నీరు ఎక్కువైతే కాళ్ళు వాస్తాయి, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది, గుండెకి భారం. పోనీ మెషీన్‌తో ఒక్కసారే తీసేద్దామంటే బీపీ పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. 2011లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో వేలమంది రోగుల వివరాలు చూశారు. వారంలో రెండు రోజుల విరామం తర్వాత వచ్చే రోజునే గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం ఎక్కువని తేలింది. ఆ విరామాన్ని దాటించే పని పెద్దమ్మ తన దాహాన్ని పట్టుకుని చేస్తోంది.

కాబట్టి ఆవిడ ముందు గటగటా తాగకండి. ఉప్పు తిన్నకొద్దీ దాహం పెరుగుతుంది కాబట్టి, ఆవిడ భోజనంలో ఉప్పు తగ్గిస్తే గొణగకండి. మీరు మాత్రం మీ నీళ్ళు మానకండి, ఆ నియమం ఆవిడకి డాక్టరు పెట్టింది.

ఇంకొకటి. పెద్దమ్మ చేతికి ఫిస్టులా ఉంటే, అంటే డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ ఆపరేషన్‌తో కలిపిన చోటు, ఆవిడని అడిగి, చేతులు కడుక్కుని, వేలు మెల్లగా ఆనించండి. నొక్కకూడదు. జుమ్మని సన్నగా అదురుతుంది. అది ఆగిపోతే వెంటనే డాక్టరుకి చెప్పాలి, అందుకే రోజూ చూసుకోవాలి. ఆ అదురు ఎందుకొస్తుందో ఆవిడనే అడగండి. రోజూ చూసుకునే మనిషి కదా, నాకంటే బాగా చెబుతుంది.

మీ తాతయ్య