పుట్టకముందే పోయే ఎలుక: కండిషనల్ నాకౌట్ వెనుక కథ

రొమ్ము క్యాన్సర్ పుణ్యమా అని బీఆర్‌సీఏ1 జన్యువు పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు. అది చెడితే ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలంటే ఎలుకలో దాన్ని తీసేసి చూడాలి. 1990ల మధ్యలో కొన్ని ల్యాబులు ఆ పనే చేశాయి. రెండు కాపీలూ పోయిన పిల్ల ఒక్కటి కూడా పుట్టలేదు. పిండాలన్నీ తల్లి కడుపులోనే చనిపోయాయి. క్షీరగ్రంథే ఏర్పడని పిండంలో క్యాన్సర్‌ని ఎక్కడ వెతుకుతారు?

ఈ ఇబ్బంది ఒక్క జన్యువుది కాదు. ఎలుకలో జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసి చూసే అంతర్జాతీయ కన్సార్షియం 2016లో 1,751 జన్యువుల లెక్క బయటపెట్టింది. వాటిలో 410 జన్యువులు ఎంత అవసరమైనవంటే, అవి లేకపోతే ఎలుక బతకదు. మనిషి జబ్బులతో ఎక్కువ సంబంధం ఉన్నవి కూడా ఇలాంటి జన్యువులే. అంటే ఎక్కువగా తెలుసుకోవాల్సిన చోటే దారి మూసుకుపోయింది.

అసలు నాకౌట్ దాకా, అంటే కోరుకున్న జన్యువు పనిచేయని ఎలుక దాకా రావడమే పెద్ద ప్రయాణం. ఎలుక పిండం నుంచి మూలకణాలను వేరుచేసి పెంచడం 1981లో సాధ్యమైంది. కేంబ్రిడ్జిలో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కౌఫ్‌మన్, అమెరికాలో గెయిల్ మార్టిన్ ఎవరికి వారుగా ఆ పని చేశారు. అంతకు ఏడాది ముందే, క్షీరదాల కణంలో కోరుకున్న జన్యువునే గురిచూసి మారుస్తానంటూ మారియో కాపెకీ అమెరికా ప్రభుత్వ నిధులకు దరఖాస్తు పెట్టారు. అందులో మూడు ప్రాజెక్టులు ఉంటే, ఈ ఒక్కటి మాత్రం జరిగే పని కాదు, మానేయమన్నారు. మిగతా రెండింటికి వచ్చిన డబ్బులో చాలా భాగం ఆయన దీనికే పెట్టేశారు. ఆ మొండితనం అంటే నాకు చాలా గౌరవం. 1989 నాటికి తొలి నాకౌట్ ఎలుకలు వచ్చాయి. 2007లో కాపెకీ, ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు నోబెల్ వచ్చింది.

పిండం చనిపోయే సమస్యకు మందు మాత్రం ఎలుకలో దొరకలేదు, బ్యాక్టీరియాకు పట్టే ఒక వైరస్‌లో దొరికింది. దాని పేరు పీ1. తన వలయాకారపు డీఎన్ఏ రెండు ఒకదానికొకటి అతుక్కుపోతే, వాటిని విడదీసుకోవడానికి అది క్రీ అనే ఎంజైమును వాడుకుంటుంది. క్రీ గుర్తుపట్టే చోటు లాక్స్‌పి, కేవలం 34 అక్షరాల డీఎన్ఏ ముక్క. ఒకే దిశలో రెండు లాక్స్‌పిలు ఉంటే క్రీ వాటి మధ్య భాగాన్ని తీసేసి, అటూ ఇటూ మిగిలిన కొసలను అతికిస్తుంది. నాట్ స్టెర్న్‌బర్గ్ 1980ల మొదట్లో దీని గుట్టు విప్పారు. ఇది ఈస్ట్‌లోనూ, 1988లో క్షీరదాల కణాల్లోనూ పనిచేస్తుందని డ్యూపాంట్ కంపెనీలో బ్రయాన్ సావర్ చూపించారు.

1994లో జర్మనీలోని కొలోన్‌లో క్లౌస్ రజెవ్‌స్కీ బృందం ఒక వంశం ఎలుకల్లో డీఎన్ఏను బాగుచేసే పాలిమరేజ్ బీటా జన్యువులో ఒక ముక్కకు అటూ ఇటూ లాక్స్‌పిలు పెట్టింది. ఆ జన్యువు పూర్తిగా పోతే పిల్ల బతకదు. రెండో వంశంలో టీ కణాల్లో (ఇవి రోగనిరోధక కణాలు) మాత్రమే తయారయ్యే క్రీ ఉంది. రెండింటినీ కలిపితే పుట్టిన పిల్లలు బతికాయి, జన్యువు టీ కణాల్లోనే పోయింది. ఇలా కోరుకున్న కణాల్లోనే జన్యువును తీసేయడమే కండిషనల్ నాకౌట్. రెండేళ్లకు అమెరికాలోని ఎంఐటీలో సుసుము టొనెగావా బృందం మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని ఒక్క భాగంలో ఒక గ్రాహకాన్ని తీసేసింది. నీళ్లలో దాచిన మెట్టు ఎక్కడుందో ఆ ఎలుకలు గుర్తుపెట్టుకోలేకపోయాయి. ఫ్రాన్స్‌లో పియర్ షాంబాన్ బృందం దీనికి సమయాన్ని కూడా జోడించింది: టామాక్సిఫెన్ మందు ఇస్తేనే క్రీ కేంద్రకంలోకి వెళ్తుంది. 1999లో బీఆర్‌సీఏ1ను క్షీరగ్రంథిలో మాత్రమే తీసేశారు. ఎలుకలు పెరిగి పెద్దయ్యాయి, నెలలు గడిచాక కొన్నింటిలో కణితులు వచ్చాయి. మొదట అడగాలనుకున్న ప్రశ్న అప్పటికి గానీ అడగడం కుదరలేదు.

ఇంతలో పేటెంట్ గొడవ మొదలైంది. అప్పట్లో క్రీ హక్కులు డ్యూపాంట్‌వి. ఎలుకలను వేరే ల్యాబుకు ఇవ్వడం మీద ఆంక్షలు, వాటితో కనిపెట్టిన వాటిలో కంపెనీకి వాటా లాంటి షరతులకు కొన్ని విశ్వవిద్యాలయాలు ఒప్పుకోలేదు. 1998లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు డ్యూపాంట్‌తో ఒప్పందం చేసుకున్నాకే విద్యాసంస్థల పరిశోధకులకు ఊపిరాడింది. నా దృష్టిలో ఈ చరిత్రలో 1994 ఎంత ముఖ్యమో 1998 కూడా అంతే ముఖ్యం. ఎలుకలు ఒకరి నుంచి ఒకరికి అందకపోతే ఈ పద్ధతి నాలుగు ల్యాబుల్లోనే ఉండిపోయేది.

ఎందుకంటే ప్రతి ల్యాబూ మొదటి నుంచి మొదలుపెట్టలేదు. లాక్స్‌పి ఎలుకను క్రీ ఎలుకతో కలపాలి. వాటి పిల్లల్లో క్రీ వచ్చినవాటిని మళ్లీ లాక్స్‌పి వంశంతో కలపాలి. మూడు వారాల గర్భం, తల్లి పాలు మాన్పించడానికి ఇంకో మూడు వారాలు. ఏ పిల్లకు ఏ జన్యువు వచ్చిందో తెలుసుకోవడానికి చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసి, పీసీఆర్ చేసి, జెల్ మీద బ్యాండ్లు చూస్తారు. సగటున నాలుగింటిలో ఒకటే కావలసిన పిల్ల. ఎనిమిది పిల్లల ఈతలో రెండు, అందులో మగదే కావాలంటే ఒకటి. ఒక్క ప్రయోగానికి సరిపడా ఎలుకలు చేతికొచ్చేసరికి చాలా నెలలు పడుతుంది. అందుకే 2007లో దేశాలు కలిసి వేల జన్యువులకు ఇలా లాక్స్‌పిలు పెట్టిన మూలకణాలను ముందే తయారుచేసి నిల్వచేసే పని మొదలుపెట్టాయి.

2013లో, డీఎన్ఏను కోరుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి ఎలుకల్లోకి వచ్చాక ఇక ఇదంతా సులువే అనుకున్నారు. జన్యువును పాడుచేయడం నిజంగానే సులువైంది. కానీ రెండు లాక్స్‌పిలను ఒకే క్రోమోజోమ్ మీద సరిగ్గా కూర్చోబెట్టడం వేరే పని. కత్తిరించాల్సిన చోటు చూపించే రెండు గైడ్‌లు, రెండు చిన్న డీఎన్ఏ ముక్కలతో ఒకేసారి చేసే పద్ధతిని చాలా ల్యాబులు కలిసి పరీక్షించి 2019లో ఫలితం ప్రకటించాయి: ఒక శాతం కూడా సఫలం కాలేదు.

క్రీ కూడా పూర్తిగా అమాయకురాలు కాదు. ఇన్సులిన్ కణాల కోసం అందరూ వాడిన ఒక క్రీ వంశంలో, ఏ జన్యువునూ తీయకపోయినా చక్కెర అదుపు తప్పుతుందని 2006లో తేలింది. కొన్ని వంశాల్లో క్రీ వీర్యకణాల్లోనో అండంలోనో కూడా పనిచేస్తుంది. అప్పుడు పుట్టే పిల్లల్లో జన్యువు ఒక కాపీ ఒళ్లంతా పోతుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు. క్రీ వల్లే వచ్చే తేడాను పట్టుకోవాలంటే క్రీ మాత్రమే ఉండి లాక్స్‌పి లేని ఎలుకలను కూడా పక్క పంజరంలో పెంచి, అవే పరీక్షలు వాటికీ చేయాలి. పంజరాల ఖర్చు పెరుగుతుంది, పేపర్ ఆలస్యమవుతుంది. అయినా ఆ పంజరం లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.