పుస్తకాల పురుగు, ముద్దపప్పు, ఎడ్డోడు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఇంటర్ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. తల్లిదండ్రులు వచ్చీ రాగానే పిల్లాడికి ఉన్న ఇబ్బంది చెప్పరు, ఓ ముద్ర వేసేస్తారు. "మావోడు ఉత్త ఎడ్డోడు మేడం, నలుగుట్ల కలవడు." పిల్లలేమో ఫోన్‌లో నేర్చుకున్న నెర్డ్, గీక్, డోర్క్ లాంటి ఇంగ్లిష్ మాటలు అంటారు.

అపోహ: నెర్డ్, గీక్ ఒకటే.

వాస్తవం: వాడుకలో తేడా ఉంది. గీక్‌కు ఏదో ఒకదాని మీద పిచ్చి. అది బైక్ ఇంజన్ కావచ్చు, క్రికెట్ లెక్కలు కావచ్చు. నెర్డ్ అనగానే చదువు, దాంతోపాటు కాస్త మొహమాటం గుర్తొస్తాయి. డోర్క్ అనిపించుకోవడానికి తెలివితో పనే లేదు, మన ముద్దపప్పుకు దగ్గర. ఒకప్పుడు అమెరికా సంతల్లో బతికున్న కోడి తల కొరికి చూపించేవాణ్ని గీక్ అనేవారు. నెర్డ్ 1950లో ఓ పిల్లల పుస్తకంలో వింత జంతువు పేరుగా అచ్చయింది. కంప్యూటర్ల పుణ్యమా అని ఇప్పుడు రెండూ గొప్పగా చెప్పుకునే మాటలయ్యాయి. మన పుస్తకాల పురుగుకు ఆ యోగం ఇంకా పట్టలేదు.

అపోహ: తెలివి ఎక్కువైతే కలుపుగోలుతనం ఉండదు.

వాస్తవం: వాగుడుకాయలైన టాపర్లు బోలెడుమంది. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే ఉన్న హాస్టల్లో పిల్లాడు ఎవరితో, ఎప్పుడు మాట్లాడాలి?

అపోహ: మాట్లాడనివాళ్లందరూ సిగ్గరులే.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ఒంటరిగా కూర్చుని హాయిగా చదువుకునే అమ్మాయి, అవసరమైతే లేచి లెక్చరర్‌ను నిలదీసి మరీ డౌట్ అడుగుతుంది. ఆమెకు ఏ లోటూ లేదు, వదిలేయండి. ఇంకొకడు దేవరకొండ బస్సులో టికెట్ తీసుకుంటాడు. కండక్టర్ ఇవ్వాల్సిన చిల్లర టికెట్ వెనకాల రాసిస్తాడు. దిగేటప్పుడు అది అడగడానికి నోరు రాక, చెమటలు పట్టి, డబ్బులు వదిలేసి దిగిపోతాడు. క్లాసులో డౌట్లన్నీ నోట్‌బుక్ చివరి పేజీలోనే ఉండిపోతాయి. ఇంట్లో మాత్రం గలగలా మాట్లాడతాడు. వీడికి మాట్లాడాలనే ఉంటుంది, భయం ఆపుతుంది. ఇలా ఆరు నెలలకు పైగా సాగి, చదువుకో రోజువారీ పనులకో అడ్డొస్తుంటే సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలో మెలగాలంటే మితిమీరిన భయం, ఉందేమో చూపించుకోవాలి.

అపోహ: నెర్డ్ అంటే ఆటిజమే.

వాస్తవం: కాదు. ఆటిజం చిన్నప్పటి నుంచే ఉండే ఎదుగుదల తేడా. దాన్ని నిపుణులే నిర్ధారించాలి. మాటలు, తెలివి బాగానే ఉండి నలుగురితో మెలగడం కష్టమైతే ఆస్పర్జర్స్ అని విడిగా పిలిచేవారు; దాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం ఆటిజంలోనే కలిపేసింది.

అపోహ: స్టేజీ ఎక్కిస్తే భయం అదే పోతుంది.

వాస్తవం: బలవంతంగా ఎక్కిస్తే ముదురుతుంది. అలాగని అన్నీ మనమే చేసిపెట్టినా ముదురుతుంది. మెట్టు మెట్టుగా పోవాలి: ఈ వారం కిరాణా కొట్లో ఒక వస్తువు అడగడం, తర్వాత కండక్టర్‌ను చిల్లర అడగడం, ఆపైన క్లాసులో ఒక్క డౌట్. కాలేజీకే పోనంటుంటే ఆలస్యం చేయకుండా సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఏ పని, ఎప్పటి నుంచి మానేశాడో చెబితే వాళ్లకు సులువు.