వేసవిలో మొగ్గ, శరత్తులో పువ్వు: ససాంక్వా కమీలియా పెంపకం

తేయాకు మొక్కను కత్తిరించకుండా వదిలేస్తే, శరదృతువు వచ్చేసరికి ఆకుల చాటున పసుపు కేసరాలున్న చిన్న తెల్లని పూలు తలవంచుకొని కనిపిస్తాయి. మనం రోజూ తాగే టీ కమీలియా ప్రజాతికి చెందిన మొక్క నుంచే వస్తున్నది. అదే ప్రజాతిలోని కమీలియా ససాంక్వా దక్షిణ జపాన్‌లోని షికోకు, క్యూషూ దీవుల అడవుల్లో సహజంగా పెరుగుతుంది; అక్కడివారు దానిని సజంకా అంటారు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త థున్‌బెర్గ్ 1784లో దానికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలైన జార్జియా, అలబామా, కరొలైనాలలో ఇప్పుడిది ఇంటి ముంగిట సర్వసాధారణంగా కనిపించే పొద. అట్లాంటా పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో ఎందరో దాని పేరు తెలియకుండానే దానిని రోజూ చూస్తూ ఉంటారు.

చలికాలం చివర పూసే జపోనికా కమీలియాకూ దీనికీ ఉన్న తేడా నేల మీద తెలిసిపోతుంది. జపోనికా పువ్వు పారిజాతంలా రేకలు విడిపోకుండా మొత్తంగా రాలుతుంది. ససాంక్వా ఒక్కొక్క రేకనే రాల్చడం వల్ల పొద కింద నేలంతా గులాబీ రంగు పరచినట్టుంటుంది. దీని ఆకులు చిన్నవి, పూలలో చాలా రకాలకు లేత పరిమళం ఉంటుంది.

ఈ మొక్కను పెంచేవారు మొదట గ్రహించవలసినది దాని కాలక్రమం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు విరిసే పూలకు మొగ్గలు వేసవిలోనే, ఆ ఏడాది వసంతంలో వచ్చిన కొత్త కొమ్మల చివర్లలో ఏర్పడతాయి. ఆగస్టులోనో సెప్టెంబరులోనో కంచెను చదునుగా కత్తిరిస్తే మొగ్గలన్నీ ఆ కొమ్మలతో పాటే పోతాయి. పచ్చగా ఏపుగా ఉన్న పొద ఒక్క పువ్వైనా పూయకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి పూత ముగిసిన తరువాత, కొత్త చిగుళ్ళు రాకముందే కత్తిరింపు ముగించాలి. నీటి విషయంలోనూ ఇదే లెక్క: వేసవిలో వేళ్ళు ఎండిపోతే దాని ఫలితం శరత్తులో మొగ్గలు రాలడంగా బయటపడుతుంది. నాటిన మొదటి రెండు వేసవుల్లోనైతే తడి తగ్గకుండా చూడడం తప్పనిసరి.

జార్జియా ఎర్రమట్టి చూడడానికి మన ఎర్రనేలలను గుర్తుచేసినా అందులో బంకమన్ను పాలు ఎక్కువ, నీరు త్వరగా ఇంకదు. కమీలియా వేళ్ళు నేల పైపొరలోనే అల్లుకుంటాయి కనుక వాటికి తేమతో పాటు గాలీ కావాలి. గుంతను వెడల్పుగా తవ్వవచ్చు గాని లోతుగా తవ్వకూడదు. వేళ్ళ ముద్ద పైభాగం నేల మట్టానికి ఒక అంగుళం ఎత్తున ఉండేలా నాటి, చుట్టూ పైన్ చెట్ల ఎండుటాకులను రెండు మూడు అంగుళాల మందాన, కాండానికి తగలకుండా పరచాలి. లోతుగా నాటిన మొక్క వెంటనే చావదు, ఏళ్ళ తరబడి నీరసిస్తూ పోతుంది. అందుకే ఈ పొరపాటును గుర్తించడం కష్టం. ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్ళు తెగులును జపోనికా కంటే ససాంక్వా బాగా తట్టుకుంటుంది. జపోనికా రకాలను ససాంక్వా వేళ్ళ మీద అంటుకట్టే పద్ధతి అందువల్లనే వచ్చింది.

అస్సాం, నీలగిరుల తేయాకులాగే దీనికీ ఆమ్ల నేల కావాలి. ఉదజని సూచిక (pH) 5.5 నుంచి 6.5 మధ్య ఉండడం మంచిది. నేల క్షారగుణానికి మళ్ళితే అందులోని ఇనుము కరగని రూపంలోకి మారి వేళ్ళకు అందదు. అప్పుడు ఈనెలు పచ్చగా ఉండగానే వాటి మధ్య ఆకు పసుపుబారుతుంది. కాంక్రీటు పునాదిని ఆనుకొని నాటిన మొక్కల్లో ఈ లక్షణం తరచుగా కనబడుతుంది, ఎందుకంటే కాంక్రీటులోని సున్నం కొద్దికొద్దిగా మట్టిలోకి దిగుతుంది. ఆమ్ల నేల మొక్కల కోసం అమ్మే ఎరువును వసంతంలో కొద్దిగా వేస్తే చాలు. వేసవి చివర వేస్తే లేత చిగుళ్ళు పుట్టి మంచుకు మాడిపోతాయి.

తీవ్రమైన చలి ఉన్న చోట్ల రకాన్ని చూసి ఎంచుకోవాలి. 1970ల చివరి కఠిన శీతాకాలాల్లో వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో కమీలియాలు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు, బతికి నిలిచిన కమీలియా ఓలీఫెరా అనే మరో జాతితో ఉద్యాన శాస్త్రవేత్త విలియం అకర్‌మన్ సంకరాలు చేశాడు. ‘వింటర్స్ స్టార్’ వంటి చలికి ఓర్చే, శరత్తులో పూసే రకాలు ఆ కృషి ఫలితాలే. ఉత్తరాన వర్జీనియా, న్యూజెర్సీలలో ఉన్నవారికి నేను సూచించేవి ఇవే.

ఇక పురుగులలో ముఖ్యమైనది తేయాకు పొలుసు పురుగు. ఆకు పైన పసుపు చుక్కలు కనిపిస్తే తిప్పి చూడాలి. అడుగున తెల్లని దూదిలాంటి పొర, గోధుమరంగు పొలుసులు ఉంటాయి. మొక్కలకు వాడే నూనెను ఆకు అడుగుభాగం తడిసేలా పిచికారీ చేస్తే పురుగుకు ఊపిరాడదు. పూత ఉన్నప్పుడు మాత్రం ఆ పని చేయకూడదు. మిగతా పూలన్నీ అయిపోయిన నవంబరులో, ఎండ కాసిన మధ్యాహ్నం, ఒంటిరేక ససాంక్వా పూల కేసరాల మీద తేనెటీగలు పుప్పొడి కోసం ముసురుకొని ఉంటాయి.