డిష్‌వాషర్ 'డెడ్' అయిందా? ముందు గోడ చూడండి: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల ఇళ్లలో వాషింగ్ మిషన్లు, ఫ్రిజ్‌లు బాగుచేయడం నా పని. ఈ మధ్య వాటికి డిష్‌వాషర్లు కూడా తోడయ్యాయి. గిన్నెలకి జిడ్డు వదలట్లేదనే ఫోన్లు ఒక రకం. "లైటు కూడా రావట్లేదండి, మిషన్ చచ్చిపోయింది" అనేవి ఇంకో రకం. ఈ రెండో రకం ఇంటికి వెళ్తే నేను ముందు గోడ దగ్గరే, అంటే ప్లగ్గు పెట్టే సాకెట్ దగ్గరే కూర్చుంటాను.

అపోహ: "ఆయ్, టెస్టర్ వెలిగిందండి. కరెంటు ఉన్నట్టే కదా."

నా అనుభవంలో జనం డబ్బు ఎక్కువగా తగలేసింది ఈ మాటే. టెస్టర్ వెలిగితే ఆ రంధ్రంలో ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ, ఉందని మాత్రమే అర్థం. మిషన్ నడవాలంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, న్యూట్రల్ కూడా ఉండాలి. గోడలో ఎక్కడో న్యూట్రల్ తీగ ఊడిపోయినా టెస్టర్ ధగధగా వెలుగుతుంది, మిషన్ మాత్రం ఉలకదు పలకదు.

పనిలో కొత్తలో నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. ఉండి దగ్గర ఒక ఇంట్లో టెస్టర్ వెలగడం చూసి, మిషన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ కార్డు పోయిందని తేల్చేశాను. కొత్త కార్డు తెప్పించి బిగిస్తే అదీ వెలగలేదు. అప్పుడు సాకెట్ విప్పి చూస్తే న్యూట్రల్ తీగ స్క్రూ కింద లేదు, పక్కన ఊగుతోంది. ఆ ఇంటి పెద్దాయన "జబ్బు గోడకైతే ఆపరేషన్ మిషన్‌కి చేశావేంటి బాబూ" అన్నారు. కార్డు డబ్బులు నేను అడగలేదు. అప్పట్నుంచి సంచిలోంచి ముందు మల్టీమీటరే బయటికొస్తుంది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర్లో చూపించాలి, ఫేజుకీ ఎర్తుకీ మధ్యా అంతే. మొదటి రీడింగు పడిపోయి రెండోది సరిగ్గా ఉంటే తప్పు న్యూట్రల్‌ది. మీటరు పట్టడం రానివాళ్లు ఇది ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

అపోహ: "అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్ పనిచేస్తోంది."

పనిచేస్తుంది, ఎందుకు చేయదు! ఛార్జర్ లాగేది పదుల వాట్లే. డిష్‌వాషర్ నీళ్లు వేడిచేసేటప్పుడు 2000 వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. పైగా చాలా పవర్ సాకెట్లలో చిన్న పిన్నుల రంధ్రాలు వేరు, పెద్ద పిన్నుల రంధ్రాలు వేరు. చిన్నవాటిలో పట్టు బాగుండి, పెద్దవాటిలో రేకులు వదులైపోయి ఉండొచ్చు. చూడాలనుకుంటే పెద్ద పిన్నుల ప్లగ్గున్న మైక్రోవేవ్ లాంటిది పెట్టి చూడండి.

నరసాపురం, అంతర్వేది వైపు ఈ గొడవ మరీ ఎక్కువ. ఉప్పుగాలికి సాకెట్ లోపలి ఇత్తడి రేకులు చిలుము పట్టి పట్టు వదిలేస్తాయి. మిషన్ ఆన్ అవుతుంది, నీళ్లు పడతాయి, నీళ్లు వేడెక్కే టైముకి ఠపీమని ఆరిపోతుంది. ప్లగ్గు పిన్నులు నల్లబడినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఇంకోసారి ఆన్ చేసి చూద్దామనుకోకండి. సాకెట్, ప్లగ్గు రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే రెండోది కొత్తదాన్ని కూడా కాల్చేస్తుంది. ఇక ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఫ్రిజ్ స్టెబిలైజర్, ఇన్వర్టర్ లైను, ఈ మూడూ డిష్‌వాషర్‌కి పనికిరావు.

అపోహ: "లైటు రాలేదంటే కార్డు మార్చాల్సిందే."

గోడ బాగుందని తేలాక ముందు తలుపు చూడాలి. సంక్రాంతికి అల్లుళ్లు దిగిన ఒక ఇంట్లో బూరెల మూకుడు కాడ అడ్డుపడి తలుపు టక్కుమని పడలేదు. నేను వెళ్లి మూకుడు తీసి పక్కన పెట్టడమే చేసిన రిపేరు! చైల్డ్ లాక్, డిలే స్టార్ట్ పొరపాటున నొక్కినా బటన్లు పలకవు, కానీ అప్పుడు డిస్‌ప్లేలో ఏదో ఒక గుర్తు వెలుగుతూనే ఉంటుంది.

నిజంగానే కార్డు పోయినా, చాలాసార్లు పోయేది కార్డులో రెండు చిన్న వస్తువులే. గాలివానకి లైన్లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230 బదులు 400 వోల్టుల దాకా రావొచ్చు. అప్పుడు కార్డు మీది వేరిస్టర్, అంటే వోల్టేజి ఎక్కువైతే అడ్డుపడే చిన్న వస్తువు, తాను కాలిపోతూ ఫ్యూజును ఎగరగొడుతుంది. దాని ఉద్యోగమే అది. రెండూ మారిస్తే మిషన్ లేచిన సందర్భాలు నా చేతిలోనే బోలెడు. ఫ్యూజు ఒక్కటే మార్చి పంపేవాళ్లని మాత్రం నమ్మకండి. అది ఎందుకు పోయిందో చూడకపోతే మళ్లీ పోతుంది.

కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఇళ్ల మీద పడతాయని మనకి తెలిసిందే. మిషన్ అడుగున వెచ్చగా ఉంటుంది, దూరి తీగలు కొరుకుతాయి. వెనక ఎలుక పెంటికలు కనిపిస్తే ఫోన్‌లోనే ఆ సంగతి చెప్పండి.

అపోహ: "ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది, ఎర్తు తీగ పీకేస్తే సరి."

ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎక్కడైనా కారితే లైను కట్ చేసే బ్రేకరు. మిషన్ మొదలైన కాసేపటికి అది పడిపోయిందంటే ముందు హీటరును అనుమానించాలి. మన వైపు బోరు నీళ్లకి హీటరు మీద పొర కడుతుంది. వేడి బయటికి పోక దాని తొడుగు దెబ్బతిని, కరెంటు నీళ్లలోకి, బాడీలోకి కారుతుంది. అలా కారే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ లైను కట్ చేస్తుంది. ఎర్తు పీకేస్తే కారే కరెంటుకి దారి ఉండదు, బ్రేకరు పడదు, మిషన్ చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది. తడి చేత్తో తలుపు తీసి, రెండో చెయ్యి కుళాయి మీద వేసినవాళ్లే ఆ దారి అవుతారు.

ఒక ఇంటాయన "ఆ తీగొకటి తీసెయ్యవయ్యా, చుట్టాలున్నారు" అని పట్టుబట్టారు. ప్లగ్గు పీకేసి, సంచి సర్దుకుని వచ్చేశాను. మర్నాడు వాళ్లావిడ ఫోన్ చేసి, "హీటరు ఎంతవుతుంది తమ్ముడూ" అని అడిగారు.