గాలి అందని ఇంజిన్

రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే మోటార్ సైకిల్ ఇంజిన్ పెద్దగా కష్టపడదు. ఎదురుగాలి మాత్రం దానికి కావలసినంత దొరుకుతుంది. అదే ఇంజిన్‌ని ఏటీవీలో (రోడ్డు లేనిచోట తిరిగే, లావు టైర్ల చిన్న బండి) పెట్టి మోకాటి లోతు బురదలోకి దింపితే లెక్క మొత్తం తిరగబడుతుంది. థ్రాటిల్ పూర్తిగా నొక్కి ఉంటుంది, నాలుగు చక్రాలూ గిర్రున తిరుగుతుంటాయి, బండి మాత్రం మనిషి నడిచినంత వేగంగా కూడా కదలదు. వేడి బాగా పుట్టేదీ, గాలి అసలు తగలనిదీ ఒకే సమయంలో. ఆఫ్‌రోడ్ బండ్లు ఊరికూరికే హీటెక్కడానికి మూలం ఇక్కడే ఉంది. చాలామంది మాత్రం కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసే ద్రవం) డబ్బాలు మారుస్తూ కూర్చుంటారు.

ఎంత వేడి పుడుతుందో ముందు చూద్దాం. కిలో పెట్రోల్ కాలితే సుమారు 44 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. అందులో పనికొచ్చేది మూడో వంతు కూడా ఉండదు. ఇంచుమించు ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మిగిలినదంతా కూలెంట్‌లోకీ, ఆయిల్‌లోకీ, ఇంజిన్ ఒంట్లోకీ చేరుతుంది. 1970లో హోండా తెచ్చిన మూడు చక్రాల యూఎస్90లో ఉన్నది 89 సీసీ ఇంజిన్, దాని శక్తి 7 హార్స్‌పవర్. ఆ మాత్రం వేడిని వదిలించుకోవడానికి సిలిండర్ చుట్టూ ఉన్న లోహపు రెక్కలే సరిపోయాయి. ఇటీవలి కాలపు ఏటీవీ కాన్-ఆమ్ రెనిగేడ్ 1000ఆర్‌లో 976 సీసీ ఇంజిన్ 91 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది, అంటే దాదాపు 68 కిలోవాట్లు. పూర్తి థ్రాటిల్‌లో ఇలాంటి ఇంజిన్ రేడియేటర్‌కి పంపే వేడి పదుల కిలోవాట్లలో ఉంటుంది.

ఆ వేడి బయటికి పోకపోతే లోపల జరిగేది చాలా చిన్న కొలతల్లో జరుగుతుంది. 80 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అల్యూమినియం పిస్టన్‌ని ఊహించుకోండి. దాని వేడి అదనంగా 100 డిగ్రీలు పెరిగితే వ్యాసం సుమారు 0.16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చుట్టూ ఉన్న ఇనుప స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) కూడా అంతే వేడెక్కిందనుకున్నా 0.09 మాత్రమే పెరుగుతుంది, ఎందుకంటే ఇనుము వ్యాకోచం అల్యూమినియంలో దాదాపు సగమే. తేడా 0.07. ఈ రెండింటి మధ్య మొదట వదిలే ఖాళీయే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. ఆ ఖాళీ మూసుకుపోతే ఆయిల్ పొర తెగిపోతుంది, లోహం లోహాన్ని రాసుకుంటుంది, ఇంజిన్ సీజ్ అవుతుంది, అంటే బిగుసుకుపోతుంది. విప్పి చూస్తే పిస్టన్ పక్కల నిలువుగా గీతలు, అక్కడక్కడా సిలిండర్ గోడకి అతుక్కున్న అల్యూమినియం కనిపిస్తాయి.

ఇక కూలెంట్ సంగతి. అది వేడిని మాయం చేయదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్తుంది, అంతే. మోయడంలో మామూలు నీటిని మించింది లేదు. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన మిశ్రమం కిలోకి మోసే వేడి నీటి కంటే ఆరో వంతు దాకా తక్కువే. మరి గ్లైకాల్ ఎందుకు కలుపుతారంటే తుప్పు పట్టకుండా ఉండటానికి (ఆ పని చేసే రసాయనాలు దాంతోపాటే వస్తాయి), చలిలో గడ్డకట్టకుండా ఉండటానికి, మరిగే ఉష్ణోగ్రత కాస్త పెరగడానికి. సగం-సగం మిశ్రమం మామూలు గాలి పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత దాన్ని ఇంకా పైకి లాగుతుంది. 1.1 అని రాసి ఉన్న మూత గాలి పీడనం మీద ఇంకో అంత పీడనాన్ని లోపల పట్టి ఉంచుతుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత 130 దగ్గరికి వెళ్తుంది. మూతలోని రబ్బరు గట్టిపడినా, స్ప్రింగ్ బలం తగ్గినా ఈ ఇరవై డిగ్రీల వెసులుబాటు పోతుంది. ఇంత చవకైన భాగాన్ని చివరిదాకా ఎవరూ అనుమానించరు.

మరగడం అన్నిచోట్లా చెడ్డది కాదు. సిలిండర్ హెడ్‌లో (సిలిండర్ మీద మూతలా ఉండే భాగం), కాలిన వాయువు బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ పక్కన లోహం బాగా వేడిగా ఉన్నచోట చిన్న చిన్న బుడగలు పుట్టి, విడివడి, పక్కనున్న చల్లటి ద్రవంలో కరిగిపోతుంటాయి. అలా జరిగినంతసేపు వేడి మరింత చురుగ్గా బయటికి పోతుంది. వేడి ఒక హద్దు దాటితే బుడగలన్నీ కలిసి లోహానికీ ద్రవానికీ మధ్య ఆవిరి పొరగా పరుచుకుంటాయి. ఎర్రగా కాలిన పెనం మీద పడ్డ నీటిబొట్టు వెంటనే ఇగిరిపోకుండా జారుతూ తిరగడం చూసే ఉంటారు. 1756లో జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ వివరించినది దాని గురించే. బొట్టు కింద ఉన్న ఆవిరి వేడిని అడ్డుకుంటుంది. హెడ్‌లో అలాంటి పొర ఏర్పడితే చుట్టూ కూలెంట్ నిండుగా ఉన్నా ఆ ఒక్కచోట లోహం మండిపోతుంది. హెడ్ వంగడం, దానికీ సిలిండర్‌కీ మధ్య సీలులా ఉండే గాస్కెట్ పోవడం చాలాసార్లు ఇలాంటి చోటే మొదలవుతాయి.

ఇప్పుడు గాలి. డిగ్రీ వేడెక్కడానికి లీటరు నీరు తీసుకునే వేడిని గాలి తీసుకోవాలంటే దాదాపు 3,500 లీటర్ల గాలి కావాలి. 40 కిలోవాట్ల వేడిని రేడియేటర్ బయటికి పంపాలి, దాని గుండా వెళ్లే గాలి 40 డిగ్రీలు వేడెక్కుతుంది అనుకుంటే, సెకనుకు సుమారు కిలో గాలి అవసరం. అంటే ప్రతి సెకనూ 850 లీటర్లు. లోపల కొద్ది లీటర్ల కూలెంటే అదే పనిగా తిరుగుతుంటుంది. బయట మాత్రం ఇంత గాలి రావాలి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే దేని మీద దృష్టి పెట్టాలో తెలిసిపోతుంది. పైగా ఎండ రోజు గాలే వేడిగా ఉంటుంది. కూలెంట్ 100 డిగ్రీలు, గాలి 20 డిగ్రీలు ఉంటే తేడా 80. గాలి 40 అయితే తేడా 60. అదే రేడియేటర్, అదే ఫ్యాన్, కానీ పని పావు వంతు తగ్గిపోయింది.

బురద చేసే అన్యాయం ముందు నుంచి చూస్తే కనిపించదు. రేడియేటర్ రెక్కల మధ్య సందులు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లకు మించవు. పైపైన కడిగితే ముందు భాగం మెరుస్తుంది, లోతున బురద ఎండి ఇటుకలా ఉండిపోతుంది. వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. వెలుతురు రాని చోట గాలీ పోదు. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లగా పారే నీళ్లతో కడగాలి, ఎండిపోయి ఉంటే ముందు నాననివ్వాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే పల్చటి రెక్కలు మడతపడి సందులు శాశ్వతంగా మూసుకుపోతాయి. బురదలోనే ఎక్కువగా తిరిగేవాళ్లు రేడియేటర్‌ని పైకి, ముందు ర్యాక్ మీదికి మార్చుకోవడం అందుకే. నా లెక్కలో బురద బండికి ఇంతకంటే పనికొచ్చే మార్పు లేదు.

ఫ్యాన్ తిరుగుతుంటే చాలనుకోకూడదు, ఎటు తిరుగుతుందో చూడాలి. వైరింగ్ పని చేసినప్పుడు రెండు తీగలు అటూ ఇటూ మారితే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది, బండి కదిలితే వచ్చే గాలికి ఎదురు తోస్తుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉన్న బండిలో ముందు జాలీ మీద పల్చటి కాగితం పెడితే అది అతుక్కోవాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు పగిలినా నష్టమే, ఎందుకంటే గాలి రెక్కల గుండా రాకుండా పక్క నుంచి సులువుగా దూరిపోతుంది. ఇసుక దిబ్బల మీద ఇంకో తమాషా ఉంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి వెనక నుంచి వీస్తుండగా మీరూ 20లోనే పోతుంటే రేడియేటర్‌కి తగిలే ఎదురుగాలి సున్నా. చక్రాలు ఇసుకలో కూరుకుపోతూ ఇంజిన్ మొత్తం బలం తీస్తుంటాయి, బండి మాత్రం నిశ్చలమైన గాలిలో నిలబడ్డట్టే ఉంటుంది. అలాంటప్పుడు దారి మార్చి, గాలికి ఎదురుగా కాసేపు పోతే ఉష్ణోగ్రత మీటర్ ముల్లు దిగడం కనిపిస్తుంది.

కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్, అదే థర్మోస్టాట్, పీకేయమని చెప్పేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. అందులో ఉన్నది మైనం. చాలా బండ్లలో 80 డిగ్రీలు దాటాక అది కరిగి, వ్యాకోచించి, దారి తెరుస్తుంది. పూర్తిగా తెరుచుకున్న తర్వాత అది ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. తెరుచుకోకుండా ఇరుక్కుపోతే మార్చాలి, అంతే. తీసేస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు కాలని పెట్రోల్ సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలుస్తుంది. దీనికి తోడుగా వినిపించే ఇంకో మాట, నీళ్లు వేగంగా పోతే రేడియేటర్‌లో చల్లారే టైమ్ ఉండదని. ఒక్కసారి వెళ్లే నీటికి తక్కువ టైమ్ దొరికే మాట నిజమే, కానీ అది అంత త్వరగా మళ్లీ తిరిగి వస్తుంది కదా! మొత్తం మీద వేగం పెరిగితే రేడియేటర్ సగటు వేడి పెరిగి, గాలికి పోయే వేడి కూడా పెరుగుతుంది.

నడిపే తీరుకీ దీనికీ సంబంధం ఉంది. చాలా ఏటీవీల్లో వాటర్ పంపు ఇంజిన్‌తోపాటే తిరుగుతుంది. పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో మూలుగుతూ ఎక్కిస్తే లోడు ఎక్కువ, కూలెంట్ ప్రవాహం తక్కువ. గేరు దించితే పంపు చురుగ్గా తిరుగుతుంది. ఇంజిన్ బలం బెల్టు ద్వారా చక్రాలకు చేరే బండ్లలో లో రేంజ్ (తక్కువ వేగానికి, ఎక్కువ లాగుడుకి ఉండే గేరు) వేస్తే బెల్టు జారి వేడెక్కడం కూడా తగ్గుతుంది.

శక్తి పెంచడానికి చేసే మార్పులు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. లోపల మండే వాయువు 2,000 డిగ్రీలు దాటుతుంది, అల్యూమినియం 660కే కరుగుతుంది. అయినా పిస్టన్ నిలబడటానికి ఒక కారణం కూలింగ్ అయితే, రెండోది గోడలకు ఆనుకుని ఉండే పల్చటి, కాస్త చల్లటి వాయువు పొర. కంప్రెషన్ పెంచి, దానికి తగ్గ పెట్రోల్ వాడకపోతే నాకింగ్ (మిశ్రమంలో కొంత తనంతట తానే ఒక్కసారిగా పేలడం) మొదలవుతుంది. నాకింగ్ అలలు ఆ పొరనే చెరిపేస్తాయి, వేడి నేరుగా లోహాన్ని తాకుతుంది. కొత్త సైలెన్సర్, ఎక్కువ గాలి వదిలే ఫిల్టర్ పెట్టి ఇంధనం ట్యూనింగ్ చేయించకపోతే మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. పెట్రోల్ పూర్తిగా కాలడానికి కావలసిన నిష్పత్తి బరువు లెక్కన 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోల్. గరిష్ఠ శక్తి కోసం 13 దగ్గరికి తెస్తారు. అదనంగా వచ్చే ఆ కాస్త పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని కొంత తీసుకుంటుంది. లీన్‌గా నడిచే ఇంజిన్‌కి ఎంత పెద్ద రేడియేటర్ కట్టినా రోగం ఒకచోట, మందు ఒకచోట అన్నట్టే.

కూలెంట్ మార్చిన ప్రతిసారీ గాలి బుడగలు తీయడం తప్పనిసరి. ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా బండిని నిలబెట్టి, చల్లటి ఇంజిన్‌ని మూత తీసి స్టార్ట్ చేసి, పైపుల్ని చేత్తో నొక్కుతూ ఉంటే బుడగలు పైకొస్తాయి. రేడియేటర్‌ని పైకి మార్చినవాళ్లకి పైపులు పొడవై, వంపులు పెరుగుతాయి కాబట్టి ఈ పని ఎక్కువసేపు పడుతుంది. ఎంతసేపైనా బుడగలు ఆగకుండా వస్తుంటే గాస్కెట్ దాటి మంట వాయువే కూలెంట్‌లోకి దూరుతోందని అనుమానించాలి.

ఉష్ణోగ్రత మీటర్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే అది సరిగా చెబుతుంది. పైపు పగిలి కూలెంట్ కారిపోతే సెన్సార్ చుట్టూ మిగిలేది ఆవిరి, గాలి. అప్పుడు పైకెక్కుతూ వచ్చిన ముల్లు ఉన్నట్టుండి పడిపోవచ్చు. చూసి హమ్మయ్య అనుకుంటే కొంప మునుగుతుంది, వెంటనే ఇంజిన్ ఆపేయాలి. కూలెంట్ కారకుండా, ఫ్యాన్ తిరుగుతూ ఉండి, వేడి మాత్రం పెరిగితే గాలి తగిలేచోట కాసేపు ఐడిల్‌లో ఉంచడం మంచిది. ఆపితే పంపు ఆగిపోయి, హెడ్‌లో ఉన్న వేడి అక్కడే నిలిచిపోతుంది. మూత మాత్రం తీయకండి. లోపల 120 డిగ్రీల్లో ఉన్న ద్రవం పీడనం తగ్గగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. పై పైపుని చేత్తో హాయిగా పట్టుకోగలిగేదాకా ఆగాలి. అప్పుడు కూడా నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి, కాలుతున్న హెడ్‌లోకి చల్లటి నీళ్లు ఒక్కసారిగా వెళ్తే లోహం పగలొచ్చు. ఆ నీళ్లతో మెల్లగా ఇల్లు చేరుకుని, తర్వాత ఖాళీ చేసి సరైన మిశ్రమం నింపితే సరిపోతుంది.